అంగుళం వదులు

నంద్యాలలో ఒక సావుకారు ఉండేవాడు. ఏ వస్తువు కనబడినా ముందు వేలితో కదిపి చూడటం అతని అలవాటు. కదిలిందా, బిగించాల్సిందే. మంచం నులక కాస్త జారితే రాత్రికి రాత్రే లాగి కట్టించేవాడు. తలుపు గడియ గలగలమంటే వడ్రంగికి కబురు వెళ్లేది. మనుషుల విషయంలోనూ అదే లెక్క. గుమాస్తా అన్నం తిని పావుగంట గోడకు ఆనుకుంటే ఆ పావుగంట అతని కళ్లకు వదులుగా కనిపించేది. హమాలీలు బీడీ ముట్టించుకునే సందు కూడా వదులే. ఊళ్లో వెనకాల అందరూ బిగింపు సావుకారు అనేవాళ్లు. ఆ మాట అతని చెవిన పడకపోలేదు, పడినా పొగడ్తగానే తీసుకున్నాడు.

అతనికి ఒక పాత లారీ ఉండేది, తండ్రి కొన్నది. జెంషెడ్‌పూర్‌లో టాటాలు జర్మనీ బెంజ్ వాళ్లతో కలిసి లారీలు చేయడం 1954లో మొదలైంది, 1969లో ఆ పొత్తు ముగిసింది. పొత్తు పోయినా ముసలి డ్రైవర్లు టాటా లారీని బెంజ్ అనడం మానలేదు. సావుకారు తండ్రి కూడా కడదాకా దాన్ని బెంజ్ అనే పిలిచాడు. బేతంచెర్ల నాపరాళ్లు ఎత్తుకుని, గాజులపల్లె దాటి, నల్లమల ఘాటు ఎక్కి, దిగువమెట్ట మీదుగా గిద్దలూరు, కంభం, మార్కాపురం వైపు ఇళ్లకు బండలు చేర్చడం దాని పని. రాయి బరువు ఎంతో మోసేవాడికే తెలుస్తుంది. ఆ లారీకి బాగా తెలుసు.

డ్రైవరు సావుకారు కంటే పదేళ్లు పెద్దవాడు. తండ్రి కాలంలో ఒక ఏర్పాటు ఉండేది. లోడు పొద్దుగూకే వేళకు గాజులపల్లె చేరితే రాత్రికి అక్కడే ఆగాలి, తెల్లవారి చల్లపొద్దున ఘాటు ఎక్కాలి. కొడుకు చేతికి లెక్కలు రాగానే మొదట కత్తిరించింది ఆ రాత్రినే.

"రాళ్లు నిద్రపోతాయా ఏంది? బండి పోతానే ఉండాల," అన్నాడు.

డ్రైవరు మారు మాట్లాడలేదు.

ఒకరోజు లారీ దొడ్లో నిలబడి ఉంది. సావుకారు ఎందుకో క్యాబిన్ ఎక్కి డ్రైవరు సీటులో కూర్చున్నాడు. స్టీరింగు కదిపాడు, గేరు రాడ్డు కదిపాడు, చివరికి క్లచ్ పెడల్ మీద చెయ్యి వేశాడు. పెడల్ ఒక అంగుళం మేర ఏ బరువూ లేకుండా కిందికి పోయింది. ఆ తర్వాతే గట్టి తగిలింది. మళ్లీ నొక్కి చూశాడు. మళ్లీ అదే అంగుళం.

"ఏమప్పా డ్రైవరూ, ఈ వదులేంది?"

"అది ప్లే సావుకారూ. ఉండాల్సిందే."

"అంగుళం దూరం నీ కాలు ఊరికే పోయి ఊరికే వస్తాంది. గేరు మార్చినప్పుడల్లా అంగుళం నష్టం. దినానికి ఎన్నిసార్లు మారుస్తావు?"

ఈ లెక్కకు డ్రైవరు దగ్గర జవాబు లేదు. ఆ ప్రశ్నకు జవాబు చెప్పగలిగినవాళ్లు లోకంలో ఎవరూ లేరు కూడా. సావుకారు క్లీనరు పిల్లవాణ్ని పిలిచి, పానా ఇచ్చి, లారీ కింద పడుకోబెట్టాడు. పెడల్ నుంచి క్లచ్ ఫోర్కుకు పోయే రాడ్డు చివర మరలు ఉంటాయి, ఒక నట్టు, దాన్ని కదలనీయకుండా ఇంకో నట్టు. పైనుంచి సావుకారు పెడల్ కదుపుతూ ఇంకొంచెం, ఇంకొంచెం అన్నాడు. ఆఖరికి పెడల్ ముట్టుకోగానే గట్టిగా తగిలింది. సావుకారు దిగి చేతులు దులుపుకున్నాడు.

మొదట్లో ఏమీ కాలేదు. కొన్ని ట్రిప్పులు బాగానే నడిచింది. ఎండాకాలం మొదలయ్యాక, నిండు లోడుతో పచ్చర్ల వైపు ఎక్కుతుండగా ఇంజను గొంతు ఒక్కసారిగా లేచింది. చప్పుడు పెరుగుతోంది, బండి మాత్రం పెరగడం లేదు. డ్రైవరు యాక్సిలరేటర్ ఇంకా తొక్కితే ఇంజను ఇంకా అరిచింది. చక్రాలు ఉన్న వేగంలోనే ఉన్నాయి, తర్వాత అదీ తగ్గింది. కాలిన వాసన క్యాబిన్‌లోకి వచ్చింది. డ్రైవరు గేరు దించి, మెల్లగా ఎక్కించి, దిగువమెట్ట దాకా చేర్చి బండి ఆపాడు.

నంద్యాల తిరిగి వచ్చాక సావుకారు తీర్పు సిద్ధంగా ఉంది.

"నువ్వు క్లచ్ మీద కాలు పెట్టుకోని తోలుతాండావు. అందుకే కాలిపోయినాది."

"లేదు సావుకారూ. ముప్పై ఏండ్లుగా తోలుతాండా. నా కాలు కిందనే ఉంటాది."

"కాలు కిందనే ఉంటే ప్లేటు ఎట్ల కాలె?"

లారీని ఒక మెకానిక్ షెడ్డుకు పంపారు. అతను గేర్‌బాక్సు దించి, పాత ప్లేటు తీసి, కొత్తది వేసి, మళ్లీ ఎక్కించాడు. పని తెలిసినవాడే. పెడల్‌కు అంగుళం ప్లే పెట్టి లాక్ నట్టు బిగించాడు. డబ్బు ఇవ్వడానికి వచ్చిన సావుకారు ముందు క్యాబిన్ ఎక్కి పెడల్ నొక్కి చూశాడు.

"ఇన్ని దుడ్లు తీసుకోని వదులుగా కట్టినావా?"

మెకానిక్ నోరు తెరిచాడు, మూశాడు. దుడ్లు ఇంకా సావుకారు జేబులోనే ఉన్నాయి. పానా తీసుకుని, కిందికి దూరి, నట్టు తిప్పాడు.

ఆ ప్లేటు మొదటిదాని కంటే త్వరగా పోయింది. రెండో మెకానిక్ ఇంకా పెద్ద మందు వేశాడు. ప్లేటుతో పాటు ప్రెజర్ ప్లేటు మార్చి, గట్టి స్ప్రింగులు ఉన్నది పెట్టి, ఇక పట్టు వదిలితే నన్నడుగు అన్నాడు. పట్టు సంగతి ఏమో గానీ పెడల్ రాయిలా అయింది. సాయంత్రానికి డ్రైవరు మోకాలు పట్టేసేది. ఈ మెకానిక్ పెట్టిన ప్లే కూడా సావుకారు చేతి కిందే మాయమైంది. నెలలు తిరగకుండా ఘాటులో ఇంజను మళ్లీ అరిచింది. సావుకారు డ్రైవరు జీతంలోంచి ప్లేటు ఖరీదు కోస్తానన్నాడు.

అప్పుడు డ్రైవరు మొదటిసారి ఒక కోరిక అడిగాడు. "కోసేముందు ఒక్కసారి ఆత్మకూరు రోడ్డు భాయ్‌కి చూపిద్దాం. ఆయన నాదే తప్పంటే కోసుకో."

భాయ్ ఊరి చివర రేకుల షెడ్డులో పని చేసే ముసలి మేస్త్రీ. బోర్డు లేదు, గోడ మీద పేరు లేదు. లారీ వచ్చి ఆగగానే సావుకారు దిగి మొత్తం కథ చెప్పబోయాడు. భాయ్ తల ఊపుతూ విన్నాడు గానీ కళ్లు డ్రైవరు మీదే ఉన్నాయి.

"ఏ గేరులో జారుతాంది అన్నా?"

"మొదట పై గేర్లలోనే. ఒకటి రెండులో బాగనే లాగుతాంది."

"చల్లగా ఉన్నప్పుడా, ఎక్కినాకా?"

"ఎక్కేటప్పుడు, వేడైనాక ఎక్కువ."

"గేరు పడేటప్పుడు కరకర ఏమన్నా?"

"అదేం లేదు. గేరు వెన్నలా పడతాది."

భాయ్‌కి ఆ మూడు జవాబులతోనే సగం పని అయింది. గేరు కరకరలాడకుండా పడుతోందంటే క్లచ్ విడవడంలో లోపం లేదు, పట్టుకోవడంలోనే ఉంది. పై గేరులో, ఎక్కుడులో జారుతోందంటే బండి బరువంతా ఎదురు తిరిగినప్పుడు ప్లేటు నిలబడలేకపోతోంది. కింది గేర్లలో బండి తేలిగ్గా కదులుతుంది కాబట్టి ఆ రోగం అక్కడ దాక్కుంటుంది.

నాలుగు చక్రాలకు రాళ్లు పెట్టించాడు, హ్యాండ్ బ్రేకు లాగించాడు, లారీ ముందు ఎవరూ నిలబడకుండా అందరినీ పక్కకు పంపించాడు. డ్రైవరుతో పై గేరు వేయించి, ఇంజను కొంచెం లేపి, పెడల్ మెల్లగా వదలమన్నాడు. పట్టున్న క్లచ్ అయితే కదలలేని బండి మీద ఇంజను గక్కున ఆగిపోవాలి. ఆగలేదు. కాస్త గొణిగి, తిరుగుతూనే ఉంది.

"చాలు, ఆపు అన్నా. ఈ పరీక్ష ఒక్కసారే. ఊరికే చేస్తా కూచుంటే పరీక్షకే ప్లేటు మాడిపోతాది."

"నేను చెప్పలే? ప్లేటు పోయినాది," అన్నాడు సావుకారు.

"పోయింటాది. ఎందుకు పోయిందో చూద్దాం."

భాయ్ ఒక చేతిరుమాలు పరచుకుని లారీ కింద పడుకున్నాడు. క్లచ్ హౌసింగ్ అడుగున వేలు రాసి చూశాడు, పొడిగా ఉంది. ఇంజను వెనక ఆయిల్ సీలు కారుతుంటే అక్కడ నూనె తడి ఉండేది, ప్లేటు మీద నూనె పడితే ఎంత సర్దినా జారుతూనే ఉంటుంది. ఇక్కడ ఆ జాడ లేదు. తర్వాత క్లచ్ ఫోర్కు చివర పట్టుకుని కదిపాడు. కదల్లేదు. ఇంకోసారి కదిపాడు. బండకు మేకు కొట్టినట్టు నిలబడి ఉంది. అప్పుడు పానా అడిగి లాక్ నట్టు వదులు చేసి, రాడ్డు నట్టు వెనక్కి తిప్పుతూ పోయాడు. కొంతసేపటికి ఫోర్కు చేతిలో కటకటమని ఆడింది.

బయటికి వచ్చి డ్రైవరుతో మళ్లీ ఒకసారి అదే పరీక్ష చేయించాడు. ఈసారి పెడల్ వదలగానే ఇంజను ఒక్క కుదుపు కుదిపి ఆగిపోయింది.

సావుకారు మొహం చూడాలి. గేర్‌బాక్సు దించలేదు, ప్లేటు మార్చలేదు, ఒక నట్టు తిప్పితే ఇంజను ఆగింది.

"అయితే ఇంక సరిపోయినాదా?"

"సరిపోలేదు. పట్టు వచ్చినాది గానీ లోపల కాలిన గాయం ఉంటాది. ఘాటులో నమ్మలేం. దించాల."

గేర్‌బాక్సు దించారు. షాఫ్టు బరువు ప్లేటు మీద వేలాడకుండా జాకీ మీద దిమ్మె పెట్టి, నిలకడగా వెనక్కి లాగారు. లోపల దుమ్ము పేరుకుని ఉంది. క్లీనరు గాలి పైపు తీసుకుని ఊదబోతే భాయ్ గట్టిగా వద్దన్నాడు. పాత లైనింగుల్లో ఆస్‌బెస్టాస్ ఉండేది, ఆ దుమ్ము ఊపిరిలోకి పోతే ఏళ్ల తర్వాత ప్రాణం మీదికి తెస్తుంది. తడిగుడ్డతో తుడవమన్నాడు. తర్వాత ఒక్కో సామానూ గోనెపట్టా మీద వరుసగా పెట్టి సావుకారును దగ్గరికి పిలిచాడు.

ప్లేటు మొహం అద్దంలా మెరుస్తోంది. గరుకు పోయింది. ఫ్లైవీల్ మీద అక్కడక్కడా నీలి మచ్చలు, వేడికి ఇనుము మారిన రంగు. రిలీజ్ బేరింగు చేత్తో తిప్పితే గరగరమంది. ప్రెజర్ ప్లేటు ఫింగర్ల కొసలు అరిగి చదునుగా, కొత్త రూపాయిలా ఉన్నాయి.

"ఈ కొసలు చూడు సావుకారూ. బేరింగు ఈటిని తాకేది పెడల్ తొక్కినప్పుడు మాత్రమే. గేరు మార్చే నిమిషంలో సగం సేపు కూడా ఉండదు. ఈ కొసలు అరిగింది చూస్తే ఏమి తెలుస్తాంది? బండి కదిలినప్పటి నుంచి ఆగేదాకా బేరింగు ఈటి మీదనే కూచోనుండాది. క్లచ్ మీద ఎవరో కాలు పెట్టుకోనే ఉన్నారు."

సావుకారు కళ్లు వెలిగాయి. డ్రైవరు వైపు తిరిగాడు. "ఇంటివా? మేస్త్రీనే చెప్తాండాడు. కాలు పెట్టుకోనే తోలినావు!"

"కాలు ఉండాది సావుకారూ," అన్నాడు భాయ్. "ఆయనది కాదు. నీది."

షెడ్డులో ఎవరూ మాట్లాడలేదు. భాయ్ పాత ప్లేటు తీసి సావుకారు రెండు అరచేతుల మధ్య పెట్టి, బలం కొద్దీ అదమమన్నాడు. తాను ప్లేటు అంచు పట్టుకుని తిప్పబోయాడు. తిరగలేదు. అప్పుడు క్లీనరును పిలిచి, సావుకారు కుడి మోచేయి పట్టుకుని కొంచెం, అంటే కొంచెమే, బయటికి లాగమన్నాడు. ప్లేటు అరచేతుల మధ్య గిర్రున తిరిగింది. సావుకారు చేతులు మండి వెనక్కి తీసుకున్నాడు.

"నీ చేతులు స్ప్రింగులు. నువ్వు బలంగానే అదిమినావు. వాడు లాగింది వేలెడంత. స్ప్రింగులు ఫ్లైవీల్‌కూ ప్లేటుకూ పట్టు ఇయ్యాలంటే బేరింగు ఫింగర్లను పూర్తిగా ఇడిచిపెట్టాల. రెండు మూడు మిల్లీమీటర్ల ఖాళీ ఉండాల లోపల. ఆ ఖాళీనే పెడల్ కాడికి వచ్చేసరికి అంగుళం అయితాది. నువ్వు పెడల్ కాడ అంగుళం మింగితే లోపల బేరింగు పోయి ఫింగర్ల మీద కూచుంటాది. అంటే పగలూ రాత్రీ, నువ్వు నంద్యాల దుకాణంలో ఉండంగానే, నీ కాలు నల్లమలలో ఈ పెడల్ మీద ఉండాది."

సావుకారు చాలాసేపు ఫింగర్ల కొసలే చూశాడు. చివరికి అతను అడిగిన ప్రశ్న మాత్రం అతనికే తగింది.

"మరి ఆ ఇద్దరు మేస్త్రీలూ ఎందుకు చెప్పలే?"

భాయ్ నవ్వాడు. "నువ్వు ఇనుంటివా?"

ఫ్లైవీల్ లేత్‌కు పోయి సన్నగా కోయించుకుని వచ్చింది. ప్లేటుకు కొత్త లైనింగు, కొత్త రివిట్లు. బేరింగు కొత్తది. వేడికి కుంగిన స్ప్రింగులు ఎత్తు కొలిచి మార్చారు. ఫింగర్లన్నీ ఒకే ఎత్తుకు సర్దారు, ఒకటి ముందూ ఒకటి వెనకా ఉంటే ప్రెజర్ ప్లేటు వంకరగా లేస్తుంది, బండి కుదుపుతుంది. పాత గేర్‌బాక్సు షాఫ్టు ఒకటి భాయ్ దగ్గర ఉంది, దాన్ని దూర్చి ప్లేటును నడిమధ్యకు తెచ్చి బోల్టులు బిగించారు. షాఫ్టు పళ్లకు గోటితో గీసినంత గ్రీజు రాశారు, అంతకు మించితే అది చిమ్మి లైనింగు మీదే పడుతుంది. చివర పెడల్ దగ్గర కొలబద్ద పెట్టి, అంగుళం ప్లే సర్ది, లాక్ నట్టు బిగించి, భాయ్ సావుకారును క్యాబిన్ ఎక్కమన్నాడు.

సావుకారు పెడల్ మీద చెయ్యి పెట్టాడు. అంగుళం ఊరికే పోయింది. చేతిని మళ్లీ ఊరికే వెనక్కి తెచ్చుకున్నాడు.

"ఒక సంగతి గుర్తు పెట్టుకో," అన్నాడు భాయ్. "ప్లేటు అరిగే కొద్దీ ఈ అంగుళం తనంతట తానే తగ్గుతా వస్తాది. అర అంగుళం అయినప్పుడు తీసుకరా, మళ్లీ సర్దుదాం."

"తనంతట తానే బిగుస్తాదా?" సావుకారు గొంతులో పాత సంతోషం ఒక్క క్షణం తిరిగి వచ్చింది.

"బిగుస్తాది. ప్లేటును తింటా బిగుస్తాది."

ఆ తర్వాత బేతంచెర్లలో లోడు ఎక్కిన రోజు సావుకారు డ్రైవరును పిలిచి, మొహం పక్కకు పెట్టుకుని, గాజులపల్లెలో రాత్రి ఆగి తెల్లారి ఎక్కమన్నాడు. బత్తా మాత్రం పెంచలేదు. డ్రైవరు ఆ రాత్రి లారీ పక్కన మంచం వేసుకుని పడుకున్నాడు. మంచం నులక కొంచెం జారి ఉంది.

నీతి

పట్టు నిండుగా ఉండాలంటే, పట్టించేవాడు కాలు నిండుగా తీయాలి.

పిల్లల పుస్తకంలో అయితే ఇంతటితో గీత గీసి ఆపేయవచ్చు. కానీ ఈ మాటను తప్పుగా చదువుకునేవాళ్లు ఎక్కువ, అందుకే ఇంకాస్త చెప్పాలి. వదులు మంచిది, కాబట్టి అన్నీ వదిలేద్దాం అని ఈ కథ చెప్పడం లేదు. ప్లేటు దగ్గర వదులు ఉంటే అది రోగం. ఫ్లైవీల్‌కూ ప్లేటుకూ మధ్య వెంట్రుకంత జారుడు కూడా పనికిరాదు. ఆ అంగుళం ఉండాల్సింది పెడల్‌కూ పనికీ మధ్య, అంటే ఆజ్ఞ ఇచ్చే చోటికీ బరువు మోసే చోటికీ మధ్య. సావుకారు తెలివితక్కువవాడు కాదు, బిగింపు విలువ అతనికి తెలుసు. ఎక్కడ బిగించాలో, ఎక్కడ బిగించకూడదో తెలియకపోవడమే అతని తప్పు. డ్రైవరును రాత్రి ఆగనీయకపోవడం, క్లచ్ రాడ్డు బిగించడం అతని లెక్కల పుస్తకంలో ఒకే పేజీలో ఉంటాయి.

సగం తొక్కిన పెడల్ కంటే పూర్తిగా తొక్కిన పెడల్ మంచిదని ప్రతి డ్రైవరుకూ తెలుసు. పూర్తిగా తొక్కితే ప్లేటు విడిపోతుంది, రాపిడి లేదు, వేడి లేదు. పూర్తిగా వదిలితే ప్లేటు ఫ్లైవీల్‌తో కలిసి ఒక్కటిగా తిరుగుతుంది, అప్పుడూ వేడి లేదు. కాలేది ఆ రెంటికీ మధ్య ఉన్నప్పుడే. బాధ్యత అప్పగించి, అప్పగించిన చేతిని వెనక్కి తీసుకోని ఇళ్లు, ఆఫీసులు, బడులు మనం చూస్తూనే ఉంటాం. పెత్తనమంతా తానే చేసుకునే యజమానితో పని కష్టంగానైనా సాగుతుంది. వదిలేసిన యజమానితోనూ సాగుతుంది. వదిలినట్టే వదిలి, వేలెడంత ఒత్తిడి ఎప్పుడూ పెట్టి ఉంచే యజమాని దగ్గరే మనుషులు కాలిపోతారు. కాలిన వాసన వచ్చాక తప్పు కూడా వాళ్లదే అవుతుంది.

ఇద్దరు మెకానిక్‌ల సంగతి నాకు సావుకారు సంగతి కంటే ఎక్కువ మంట పుట్టిస్తుంది. వాళ్లకు తెలుసు. ప్లే పెట్టారు కూడా. డబ్బు ఇచ్చేవాడు తీయమనగానే తీసేశారు. తెలియక చేసిన తప్పుకు ఒక ప్లేటు పోతుంది, తెలిసి నోరు మూసుకున్నందుకు రెండోది, మూడోది పోయాయి. గట్టి స్ప్రింగులు వేసిన రెండోవాడు అయితే రోగాన్ని డ్రైవరు మోకాలికి మార్చాడు. లోపం ఎక్కడుందో తేల్చకుండా బలం పెంచేవాళ్లు అన్ని వృత్తుల్లోనూ ఉంటారు, వాళ్ల బిల్లు ఎప్పుడూ పెద్దగానే ఉంటుంది.

కథను పట్టుకుని అన్ని లారీలకూ అదే మందు వేయకూడదు. భాయ్ ముందు హౌసింగ్ అడుగున నూనె తడి చూసింది ఊరికే కాదు. ఇంజను వెనక సీలు గానీ గేర్‌బాక్సు ముందు సీలు గానీ కారి లైనింగు నూనె తాగితే, ప్లే ఎంత సర్దినా ఫలితం ఉండదు. సీలు మార్చాలి, ప్లేటూ మార్చాలి. లైనింగు రివిట్ల దాకా అరిగిపోయినా అంతే. రాడ్డు బదులు నూనెతో నడిచే క్లచ్ ఉన్న బళ్లలో ఇదే రోగం కంటికి కనబడకుండా వస్తుంది. పెడల్ వదిలినా మాస్టర్ సిలిండర్ నుంచి ఒత్తిడి వెనక్కి రాదు. లోపలి చిన్న రంధ్రం మూసుకుపోయి ఉంటుంది, లేదా బ్రేక్ ఆయిల్ పోయాల్సిన చోట ఎవరో ఇంజను ఆయిల్ పోస్తే రబ్బరు కప్పు ఉబ్బి ఉంటుంది. అనుమానం వస్తే కింది సిలిండర్ బ్లీడ్ స్క్రూ ఒక్కసారి వదులు చేసి చూస్తారు. నూనె చిమ్మి, ఆ వెంటనే క్లచ్ పట్టు తిరిగి వస్తే, లోపల ఒత్తిడి నిలిచి ఉందని అర్థం. నూనెలో గాలి చేరితే వచ్చే రోగం వేరు, అప్పుడు క్లచ్ విడవదు, గేర్లు కరకరలాడతాయి. ఈ రెంటినీ కలిపేసి గాలి తీయించుకుని డబ్బు పోగొట్టుకునేవాళ్లు ఉన్నారు.

కొత్త లారీల్లో చాలావాటికి రిలీజ్ బేరింగు ఎప్పుడూ ఫింగర్లను తేలిగ్గా తాకుతూనే ఉండేలా తయారుచేస్తున్నారు, అరుగుదలను క్లచ్ తానే సర్దుకుంటుంది. అలాంటి బండి పెడల్ దగ్గర ఈ కథలోని అంగుళం కోసం వెతకడం కూడా సావుకారు పనే. అక్కడ వదులు పెడల్ పైభాగానికి, మాస్టర్ సిలిండర్‌లోకి వెళ్లే రాడ్డు కొసకు మారింది. గోరంత ఉంటుంది. అది ఎంత ఉండాలో ఆ బండి పుస్తకంలో రాసి ఉంటుంది, చదివి సర్దాలి.

ఏ బండి అయినా పానా ముట్టుకునే ముందు భాయ్ అడిగిన మూడు ప్రశ్నలు అడగవచ్చు, వాటికి ఖర్చు లేదు. ఏ గేరులో జారుతోంది, ఎప్పుడు జారుతోంది, గేరు పడేటప్పుడు ఎలా ఉంది. ఈ మూడూ ఓనరును కాకుండా స్టీరింగు పట్టుకునే మనిషిని అడగాలి. ఓనరు పక్కనే నిలబడి ఉంటే, టీకి పంపించి అడగాలి.